అర క్షణం వెనకాల బిస్కెట్

హాలీవుడ్
మార్చి, 1949

లోన్ పైన్ మహారాణి వెర్నా గారికి,

నీ హోటలు ఇంకా నిలబడే ఉందా? నీ బీన్స్ తిన్న లారీ డ్రైవర్లెవరూ నీమీద కేసు పెట్టలేదా? అయితే సంతోషం. నేను బాగానే ఉన్నాను.

నిన్న మా గదిలో ఓ తమాషా. నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని బొమ్మలేసే వెండెల్ ఉన్నాడే, ఆ పొడుగాటి మనిషి, వాడి సాండ్‌విచ్ దొరికింది నాకు. మా బొమ్మల కాగితాలకి అడుగున కన్నాలుంటాయి కదా, బల్లమీది మేకులకి తగిలించడానికి. ఆ కన్నాలు కొట్టే మిషను కింద వాడి రొట్టె ముక్కలు పెట్టి చక్కగా కొట్టేసి, వాడి బల్లమీద మేకులకే తగిలించాను. వాడొచ్చాడు. చూశాడు. కాగితాలు ఆడించి చూసుకుంటాం కదా కదలిక ఎలా వచ్చిందో, అలా రెండు రొట్టె ముక్కల్నీ వేళ్ళతో టపటపా ఆడించి, "కదలిక బాలేదు, మాంసం మరీ తొందరగా వచ్చేసింది" అని తినేశాడు. నవ్వనన్నా లేదు వెధవ. ఇలాంటి వాడితో పదేళ్ళ కాపరం నాది.

అసలు సంగతికి వస్తా. మన కార్టూన్ ఎలుకలు బటన్, బిస్కెట్ తెరమీదకొచ్చి పదేళ్ళవుతోందిట. థియేటర్లవాళ్ళకి పంచే చిన్న పుస్తకంలో వాళ్ళ చరిత్ర వేస్తార్ట. మా యజమాని ప్రేథర్ గారు నన్నే రాయమన్నాడు. ఆరో క్లాసులో బళ్ళోకి మేకని తోలుకెళ్ళి టీచరు కుర్చీలో కూర్చోబెట్టినందుకు గెంటేసినవాణ్ణి, చరిత్ర రాయమంటే ఏం రాస్తాను? అందుకని నువ్వు చెప్పు. చిన్నప్పుడు మన గుడిసెలోకి వచ్చిన ఆ మార్పిడి ఎలుక ఎవరి బొత్తాం ఎత్తుకుపోయింది? నాన్న కోటుదా, నీ గౌనుదా? నాకు గుర్తున్నంతవరకూ అంతా నా ఘనతే. కాదంటే చెప్పు, అయినా నా పేరే రాసుకుంటా.

నీ ముద్దుల తమ్ముడు
ఒర్రిన్


లోన్ పైన్
మార్చి

ఒరేయ్ ఒర్రిన్,

నీ ఘనతా! డార్విన్ గని దగ్గర మన గుడిసెలో ఆ ఎలుక వచ్చినప్పుడు నీకు ఐదేళ్ళు. నిద్రలో వేలు చీకుతున్నావు. చూసింది నేను. నాన్న కోటు మేకుకి వేలాడుతోంది. ఆ ఎలుక నోట్లో బిస్కెట్ ముక్క పట్టుకుని వస్తోంది, పొద్దున అమ్మ చేసి మూతపెట్టిన బిస్కెట్టే. దారిలో నాన్న కోటు ఇత్తడి బొత్తాం తళుక్కుమంది. ఇక అంతే. బిస్కెట్ అక్కడ పెట్టేసి బొత్తాం కొరుక్కుని పోయింది. ఈ ఎలుకల బుద్ధే అంత, నోట్లో ఉన్నది పెట్టందే ఇంకోటి తీసుకోవు. అమ్మ తెల్లారి లేచి, "దొంగముండ! నా బిస్కెట్‌తో నా మొగుడి బొత్తాం కొనుక్కుందా!" అని చీపురు పట్టుకుని బయల్దేరింది. ఆ గొడవలో ఎలుక వదిలేసిన బిస్కెట్ ఏమైందో తెలుసా? నువ్వు తినేశావు. ఎలుక ఎంగిలి తిన్న వంశం మనది. అది మాత్రం చరిత్రలో వెయ్యకు, నాకింకా ఈ ఊళ్ళో పరువుంది.

ఇక్కడ గాలి దుమారం. ఎండిన చెరువు మట్టంతా నా ఆపిల్ పైల మీదే. కౌబాయ్ సినిమావాళ్ళు వచ్చారు కొండల్లో తియ్యడానికి, గుర్రాలకంటే ఎక్కువ తింటున్నారు. పోయినవారం వెనక గదిలో సామానంతా ఖాళీ చేశాను, మీ బావ హెరాల్డ్ పోయినప్పట్నుంచీ అలాగే పడుంది. పసుపు రంగు వేద్దామనుకుంటున్నా. ఊరికే.

ఒకటడుగుతా. బతికున్నవాళ్ళ చరిత్ర ఎవరైనా రాయిస్తారా? మా ఊరి పేపరువాళ్ళు చరిత్ర రాసేది మనిషి పోయాకనే.

వెర్నా


హాలీవుడ్
ఏప్రిల్

అక్కా,

చరిత్ర రాసేశాను. వెండెల్ అచ్చుతప్పులు దిద్దాడు, అంటే మొత్తం మళ్ళీ రాశాడు. కొంచెం వినిపిస్తా.

మొదటి బొమ్మలో వీళ్ళకి పేర్లే లేవు. ఓ ముసలి గనివాడు కట్టుడు పళ్ళు పక్కనపెట్టి పడుకుంటాడు, రెండు ఎలుకలు వచ్చి పళ్ళు పట్టుకుపోయి, వాటి చోట ముళ్ళకాయ పెడతాయి. పొద్దున్నే వాడు చూసుకోకుండా నోట్లో పెట్టుకుంటాడు. అంతే, ఎలుకలది మూడు క్షణాల వేషం. పిల్లలు కథానాయకుణ్ణి వదిలేసి ఆ ఎలుకలెక్కడ అని అడిగారట. రెండో బొమ్మకి పేర్లు పెట్టాం. అప్పట్లో ఇద్దరూ అచ్చు ఒకేలా ఉండేవాళ్ళు. ఎవడు బటనో ఎవడు బిస్కెటో వెండెల్‌కే తెలిసేది కాదు, అడిగితే "తెలివైనవాడు బటన్" అనేవాడు, "తెలివైనవాడెవడు?" అంటే "అది నువ్వే చెప్పాలి, కథ నీది" అనేవాడు. తర్వాత బిస్కెట్‌కి ఒక చెవి చిరిగింది. రంగులేసే అమ్మాయిలు ప్రాణం లేచొచ్చిందన్నారు. యుద్ధం రోజుల్లో చక్కెర దొరకనప్పుడు మన ఎలుకలు సైనికాధికారి చక్కెర డబ్బా తీసుకుని పతకాలు పెట్టిపోయిన బొమ్మకి సైన్యంలో కుర్రాళ్ళు ఉత్తరాలు రాశారు. ఇద్దరూ మంచివాళ్ళు. ఎవర్నీ ఎప్పుడూ కొట్టలేదు.

ఇంతే చరిత్ర.

మీ ఊళ్ళో కాఫీ పోసేవాళ్ళకి పని దొరుకుతుందా? ఊరికే అడిగా.

ఒర్రిన్


లోన్ పైన్
ఏప్రిల్

ఒర్రిన్,

ఊరికే అడిగావా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క వేళాకోళం లేదు నామీద. నా వంట గురించి లేదు, నా జుట్టు గురించి లేదు, పోనీ నా మెల్లకన్ను గురించి కూడా లేదు. "ఇద్దరూ మంచివాళ్ళు" ట! చచ్చినవాళ్ళ గురించి పాస్టరుగారు మాట్లాడినట్టుంది. నీ పెళ్ళినాడు పాస్టరుగారి బైబిల్లో పేకముక్కలు పెట్టినవాడివి నువ్వు. నీ పెళ్ళాం నిన్ను వదిలేసి వెళ్ళిన వారంలో కూడా నాకు రాసిన కార్డులో నన్ను గాడిదన్నావు.

ఏమైందో రాయి. రాయకపోతే నేను ట్రంకాల్ చేస్తా. నీ యజమానితో మాట్లాడతా. నా గొంతు ఎలా ఉంటుందో నీకు తెలుసు.

వెర్నా


హాలీవుడ్
మే

అక్కా,

ట్రంకాల్ వద్దు. ప్రేథర్ గారికి గుండె బలహీనం.

సరే విను. ఫిబ్రవరిలో ఆయన మా గదిలోకొచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడంటేనే అనుమానం వచ్చింది, ఎప్పుడూ గుమ్మంలోంచే అరుస్తాడు.

"ఒర్రిన్, తెరమీద ఒక ఎలుక పరిగెడితే ఎన్ని బొమ్మలెయ్యాలి?"

"చాలా సార్."

"రెండు ఎలుకలు పరిగెడితే?"

"చాలాకి రెండింతలు సార్."

"టీవీ వస్తోంది. థియేటర్లవాళ్ళు చిన్న బొమ్మలు వద్దంటున్నారు. రెండు ఎలుకల్ని మేపలేను. పదేళ్ళ పండగ చేసి, దాంతో బిస్కెట్‌కి సెలవు ఇచ్చేద్దాం. బటన్ ఒక్కడే ఉంటాడు. చురుకైనవాడు."

వెండెల్ పెన్సిల్ కిందపెట్టాడు. నేనేదో అనబోయాను. ఆయనే అన్నాడు, "ఒక ఎలుకకి కథ చెప్పడానికి ఇద్దరెందుకయ్యా? వెండెల్‌కి బొమ్మలొచ్చు. నువ్వు..." అని ఆగి, టోపీ సర్దుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెప్పలేక చెప్పాడు.

అదీ సంగతి. బిస్కెట్ పోతే నేనూ పోతా. నాకు బొమ్మలు రావు అక్కా. కుర్చీలమీదెక్కి రెండు ఎలుకల గొంతులూ నేనే చేసి, కిందపడి, లేచి, కథ ఆడి చూపించడమే నాకొచ్చు. నలభయ్యారేళ్ళు వచ్చాయి, బడి చదువు ఆరో క్లాసు. ఇలా గెంతేవాడికి జీతమిచ్చే ఊరు ప్రపంచంలో ఇదొక్కటే.

వేసవి చివరిదాకా గడువు అడిగాను. రెండు ఎలుకల్నీ ఒక ఎలుక ఖర్చులో నడిపించి చూపిస్తే ఆలోచిస్తానన్నాడు. వెండెల్, నేనూ ఎన్ని రకాలుగా చూసినా కుదరట్లేదు. ఒకణ్ణి కదలకుండా కూర్చోబెడితే చచ్చిపోయినట్టుంది. ఒకణ్ణి కన్నంలో దాచేసి గొంతు మాత్రం వినిపిస్తే, ఇంకెందుకు వాడు?

నీకు చెప్పకూడదనుకున్నా. నువ్వు ఇలా జాలిపడితే నాకు తిక్కరేగుతుంది. గాడిదా.

ఒర్రిన్


లోన్ పైన్
మే

ఒరేయ్ తమ్ముడూ,

జాలా? నాకా? నీమీదా? పోరా.

ఆ ఊరూ వద్దు ఆ ఎలుకలూ వద్దు, వచ్చెయ్. ఇక్కడ నిజం ఎలుకలున్నాయి, కావలసినన్ని, నిన్ననే నా కొలత చెంచా పట్టుకుపోయి చింకి తాడు ముక్క పెట్టిపోయింది ఒకటి. కాఫీ పొయ్యడం నీకు రాదు, నేర్పిస్తా. గెంతడమే వస్తే ఇక్కడా గెంతు, కౌంటరు గట్టిదే. వెనక గది గోడలకి రంగు వేశాను. కిటికీలోంచి కొండ కనబడుతుంది.

నీకు ఇక్కడ కొత్తేం ఉండదు. నీ కార్టూన్లలాంటివాళ్ళు నా కౌంటరు దగ్గరే కూర్చుంటారు రోజూ. రూఫస్, ఆన్సెల్ అని అన్నదమ్ములు, టాల్కం గనిలో పనిచేసి రిటైరయ్యారు, ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. రూఫస్ ఏం చేస్తే ఆన్సెల్ అదే చేస్తాడు, కాకపోతే ఒక్క అర క్షణం వెనకాల. రూఫస్ టోపీ తీస్తాడు. ఆన్సెల్ టోపీ తీస్తాడు. రూఫస్ కాఫీ ఊదుకుంటాడు. ఆన్సెల్ ఊదుకుంటాడు. వాడు మూతి తుడుచుకుంటే వీడు మూతి తుడుచుకుంటాడు. చూస్తుంటే నా తల తిరిగిపోతుంది. సినిమా కుర్రాళ్ళు వాళ్ళని చూసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మొన్న రూఫస్ చక్కెర అనుకుని మిరియాల పొడి డబ్బా ఎత్తితే, మూత ఊడి పొడంతా కాఫీలో పడింది. తాగి, కళ్ళనీళ్ళతో దగ్గాడు. ఆన్సెల్ డబ్బా తీసుకున్నాడు, అదే చేత్తో, అలాగే ఎత్తాడు. అందరం ఊపిరి బిగబట్టాం. వాడు డబ్బా కిందపెట్టేసి చక్కెర వేసుకున్నాడు.

"ఏం ఆన్సెల్, ఎప్పుడూ వెనకే ఉంటావేం?" అన్నాను.

"ముందెళ్ళి ఏం చెయ్యాలమ్మా? వాడెక్కడ పడ్డాడో చూసుకుని వెళ్తే సుఖం కదా," అన్నాడు.

"నేను పడకపోతే?" అన్నాడు రూఫస్.

"అప్పుడు నీ వెనకే వస్తా."

ఇదీ నా ఊరు. ఇంతకంటే ఏం కావాలి నీకు? వచ్చెయ్.

అక్క


హాలీవుడ్
జూన్

అక్కా అక్కా అక్కా!

నీ ఉత్తరం వెండెల్‌కి చదివి వినిపించాను. మిరియాల డబ్బా దగ్గరికి వచ్చేసరికి వాడు లేచి నిలబడ్డాడు. వాడు లేచి నిలబడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు, తల దీపానికి తగిలింది.

"మళ్ళీ చదువు," అన్నాడు. చదివాను.

"ఒర్రిన్, బటన్ పరుగు బొమ్మలు వేస్తాం కదా. అవే బొమ్మలు ఇంకో సెల్యులాయిడ్ రేకుల కట్టమీద దించి, చెవి చింపి, కెమెరా కింద పక్కన పెట్టి, కొంచెం ఆలస్యంగా మొదలెడితే?"

"అంటే?"

"అంటే బిస్కెట్‌కి నేను కొత్తగా బొమ్మ వెయ్యక్కర్లేదు. బటన్ ఎలా పరిగెత్తాడో అలాగే పరిగెడతాడు, అర క్షణం వెనకాల. చివర్లో వాడు గోతిలో పడే చోట మాత్రం వీడికి వేరే వేస్తాను. వీడు పడడు."

నేను కుర్చీమీదెక్కేశాను. పదేళ్ళు అక్కా, పదేళ్ళు వాళ్ళిద్దరిలో ఎవడేంటో మాకే తెలీదు. ఒకడు చురుకు, రెండోవాడు రెండోవాడు, అంతే. ఇప్పుడు తెలిసింది. బిస్కెట్ తెలివితక్కువవాడు కాదు, తొందర లేనివాడు.

పెన్సిల్ బొమ్మలతోనే చిన్న ముక్క తీసి వేసుకు చూశాం. బటన్ కొయ్య వంతెనమీద టకటకా పరిగెత్తుతాడు, చివరి చెక్క విరిగి మాయమైపోతాడు. అదే టకటకతో బిస్కెట్ వస్తాడు, చివరి చెక్క దగ్గర ఆగి, కిందికి తొంగి చూసి, అటుపక్క రాయిమీద కాలేసి దాటేస్తాడు. అంతే. రంగులేసే అమ్మాయిలు పనిమానేసి గుమ్మంలో నిలబడి నవ్వారు. ఆ నవ్వు విని ప్రేథర్ గారొచ్చాడు. నవ్వలేదు గానీ, "ఇది ఒక ఎలుక ఖర్చేనా?" అని అడిగాడు. "ఒక ఎలుకా, ఒక చెవీ సార్," అన్నాను.

ఒక బొమ్మ తియ్యమన్నాడు. జనం ముందు వేసి చూస్తాట్ట.

నీ ముసలాళ్ళని ముద్దుపెట్టుకో. వద్దులే, భయపడతారు. ఊళ్ళో కాఫీ ఇంకెవరితోనైనా పోయించుకో!

ఒర్రిన్


లోన్ పైన్
జులై

ఒర్రిన్,

సంతోషం రా. నిజంగా.

రూఫస్‌కి, ఆన్సెల్‌కి చెప్పాను, మిమ్మల్ని ఎలుకల్ని చేసి తెరమీద ఆడిస్తున్నాడు మా తమ్ముడు అని. తిడతారేమో అని భయపడ్డాను. రూఫస్ అడిగాడు, "గోతిలో పడేవాణ్ణి నేనేనా?" అవునన్నాను. కాఫీ ఊదుకుని, "ఎక్కువసార్లు పడతానా?" అన్నాడు. చాలాసార్లు అన్నాను. "అయితే వేషం పెద్దదే," అన్నాడు. ఆన్సెల్ ఏమీ అనలేదు. వాడేదైనా అంటే రేపంటాడు.

ఎండలు మండిపోతున్నాయి. గదిలోకి మంచం కూడా వచ్చింది, బిషప్ ఊళ్ళో వేలంలో దొరికింది, కొయ్యది, బాగుంది. ఇప్పుడు దాన్నేం చెయ్యాలో చూడాలి. సినిమా కుర్రాళ్ళకి అద్దెకిస్తే బూట్లతో పడుకుంటారు.

ఒళ్ళు జాగ్రత్త. కుర్చీలమీద గెంతకు, చిన్నపిల్లాడివి కాదు.

వెర్నా


హాలీవుడ్
సెప్టెంబరు

అక్కా,

నిన్న గ్లెండేల్‌లో ఓ థియేటర్లో మన బొమ్మ వేశారు, ఎవరికీ చెప్పకుండా, పెద్ద సినిమాకి ముందు. వెండెల్, నేనూ వెనక వరసలో కూర్చున్నాం. వాడు గోళ్ళు కొరుక్కున్నాడు, వాడివి అయిపోయాక నావి కొరికేటట్టున్నాడు.

వంతెన వచ్చింది. బటన్ పడ్డాడు. హాలంతా నవ్వింది. బిస్కెట్ వస్తున్నాడని తెలియగానే, వాడింకా ఏమీ చెయ్యకముందే, మళ్ళీ నవ్వు మొదలైంది. వాడు ఆగాడు. తొంగిచూశాడు. అక్కా, ఆ నవ్వుకి పైన బాల్కనీలో ఎవరిదో పాప్‌కార్న్ మామీద పడింది. మాకు కావలసినవాళ్ళెవరూ లేరక్కడ, అంతా దారినపోయే జనం. నా ముందు కూర్చున్న ఓ లావుపాటావిడ మొగుడి భుజంమీద కొడుతూ, "ఆ వెనకాల వచ్చేవాడు మా నాన్నేనండీ, అచ్చం మా నాన్నే!" అంటోంది.

ఇక బిస్కెట్ బతికాడనుకుని వెండెల్, నేనూ వీధిలో టోపీలు మార్చుకున్నాం.

ఇవాళ పొద్దున్నే ప్రేథర్ గారు పిలిచాడు. సిగారు ఇచ్చాడు. "ఒర్రిన్, నువ్వు గెలిచావు. జనం ఎవరికి నవ్వారో నేను చూశాను. బిస్కెట్‌కే. మరి ఆ బటన్ మనకెందుకయ్యా? బిస్కెట్ ఒక్కణ్ణే పెట్టి తీద్దాం. ఒక ఎలుక ఖర్చుకూడా అక్కర్లేదు, చిరిగిన చెవికి తక్కువే అవుతుంది!"

సిగారు నోట్లోనే ఆరిపోయింది నాకు. సోమవారం కొత్త కథ బొమ్మలు బోర్డుకి గుచ్చి ఆడి చూపించాలి. బిస్కెట్ ఒక్కడితో.

ఏం చెయ్యను?

ఒర్రిన్


లోన్ పైన్
సెప్టెంబరు

ఒర్రిన్,

పోస్టు బస్సు ఇవాళే వెళ్తోంది, గబగబా రాస్తున్నా.

నీకు కావలసింది బిస్కెట్టేగా? దక్కాడు. నీ పనీ దక్కింది. తలూపి ఊరుకో. తెలివైనవాడెవడైనా అదే చేస్తాడు.

అని రాద్దామని కూర్చున్నా. రాసి చదువుకుంటే నాకే నచ్చలేదు. ఇవాళ పొద్దున్న రూఫస్‌కి జలుబు చేసి రాలేదు. ఆన్సెల్ ఒక్కడే వచ్చాడు. కాఫీ పోశాను. చల్లారిపోయేదాకా అలా దాన్నే చూస్తూ కూర్చున్నాడు పాపం. టోపీ కూడా తియ్యలేదు.

నీకు తోచింది చెయ్యి. కుదరకపోతే గది ఉంది, నీకు తెలుసుగా. నీకోసం వేసిన రంగే అది. పసుపంటే నీకిష్టమని గుర్తు.

అక్క


హాలీవుడ్
సెప్టెంబరు

అక్కా,

సోమవారం పొద్దున నీ ఉత్తరం అందింది. చదివి వెండెల్‌కిచ్చాను. వాడు చదివి ఒక బొమ్మ వేశాడు. కన్నంలోంచి బయటికి చూస్తున్న బిస్కెట్. దాన్నే మళ్ళీ వేశాడు. మళ్ళీ వేశాడు. భోజనాలవేళకి బోర్డంతా ఆ ఒక్క బొమ్మే, వరసలు వరసలుగా.

మధ్యాహ్నం అందరూ వచ్చి కూర్చున్నారు. ప్రేథర్ గారు ముందు కుర్చీలో. నేను కర్ర పట్టుకుని మొదటి బొమ్మ చూపించి, బిస్కెట్ లాగా మెడ ముందుకి చాచి నిలబడ్డాను.

ఇంకేం చెయ్యలేదు. నిలబడ్డానంతే.

నన్ను తెలుసుగా నీకు, నేను నిలబడ్డం ఎవరూ చూసి ఎరగరు. వాళ్ళంతా నేనింకా కుర్చీ ఎక్కుతానని, అరుస్తానని చూస్తున్నారు. నా మోకాలు దురద పెడుతోంది, గోక్కోలేదు.

"మొదలెట్టు," అన్నాడు ప్రేథర్ గారు.

"మొదలెట్టాను సార్."

"ఏం చేస్తున్నాడు వాడు?"

"చూస్తున్నాడు సార్."

"ఎవర్ని?"

"ముందు వెళ్ళేవాణ్ణి."

"వాడు లేడుగా!"

"అందుకే ఇంకా చూస్తున్నాడు."

కర్ర జరిపి రెండో బొమ్మ చూపించాను. అదే బొమ్మ. మూడోది. అదే. ఎవరో కిసుక్కుమన్నారు. ప్రేథర్ గారు వెనక్కి తిరిగి చూసేసరికి గప్‌చిప్.

"ఇలా ఎంతసేపు?" అన్నాడాయన.

"ఏడు నిమిషాలు సార్, బొమ్మ అయిపోయేదాకా. ఖర్చు మాత్రం మీరు ఊహించనంత తక్కువ. ఒక్కటే డ్రాయింగ్."

ఆయన ముఖం ఎర్రబడింది. అయిపోయింది, ఇక నేను నీ కౌంటరు వెనకే అనుకున్నాను. వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. ప్రేథర్ గారు నన్ను చూశాడు, బోర్డు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. మెడ చాచి అలాగే ఉన్నాను, నరం పట్టేస్తోంది. అప్పుడు ఆయన పొట్ట కదిలింది. ముందు పొట్ట, తర్వాత భుజాలు, చివరికి గొంతు. పదేళ్ళలో ఆ మనిషి నవ్వు మేమెవ్వరం వినలేదు, తలుపు కిర్రుమన్నట్టుంది.

"చాల్లే, చాల్లే! ఆ రెండో వెధవని కూడా పట్టుకురా!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇద్దర్నీ పెట్టుకోండి. మీ ఇద్దర్నీ కూడా పెట్టుకుంటాను, ఏం చేస్తాను!"

మెడ ఇంకా తిరగట్లేదు అక్కా. వెండెల్ వేడినీళ్ళ గుడ్డ పెడుతూ, "కదలిక లేకపోయినా బాగానే చేశావు," అన్నాడు. వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు.

రంగు సంగతి చదివాను. మంచం సంగతి కూడా ఇప్పుడర్థమైంది. నేను బుర్రతక్కువవాణ్ణి అక్కా, మార్చి నుంచీ రాస్తున్నావు, ఇప్పుడా నాకు అర్థమయ్యేది. ఎలా రాయాలో తెలీట్లేదు. పనుంది నాకిక్కడ. కానీ నువ్వక్కడ ఒక్కదానివే కొండ చూసుకుంటూ...

గాడిదా అని రాసి కొట్టేశాను.

నీ తమ్ముడు


లోన్ పైన్
అక్టోబరు

ఒరేయ్,

నీ ఉత్తరం కౌంటరు దగ్గర గట్టిగా చదివాను. "ఒక్కటే డ్రాయింగ్" దగ్గర వంటవాడు గరిటె పడేశాడు. ఆన్సెల్ నవ్వుతూనే ఉన్నాడు, రూఫస్ ఇంక చాలు అన్నా ఆపలేదు.

గది గురించి ఏడవకు. నీ పని పోవాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు. పోతే బావుణ్ణని మాత్రం అనుకున్నాను, అదీ నువ్వు మే నెలలో రాసిన రోజు నుంచి. మంచం కొన్నరోజు బాగా అనుకున్నాను. పొద్దున్నే లేచి పోట్లాడ్డానికి మనిషి ఉంటే కాఫీ రుచిగా ఉంటుంది కదా. కానీ నువ్వు ఆ బోర్డు ముందు మెడ చాచి నిలబడ్డావని చదివాక, ఇక్కడ నీచేత కాఫీలు పోయించాలనుకోవడం గుర్రాన్ని కుర్చీకి కట్టెయ్యడమే అనిపించింది. అక్కడే ఉండు. గెంతు. నా దగ్గర గెంతితే కప్పులు పగుల్తాయి.

ఇంకో సంగతి. ఇన్నేళ్ళుగా నువ్వెప్పుడొస్తావా అని నేను దారి చూస్తున్నాను, నన్నెప్పుడు రమ్మనాలా అని నువ్వు చూస్తున్నట్టున్నావు. ఇద్దరం ఇలా కన్నాల్లోంచి చూస్తూ కూర్చుంటే మన బొమ్మ కూడా ఏడు నిమిషాలూ అంతే. హోటలు వారంపాటు వంటవాడికి అప్పజెప్పాను. ఈ చేత్తో పిండి తప్ప పెట్టె పట్టుకుని ఎరగను, పక్కింటావిడ పెట్టె అడిగి తెచ్చుకున్నాను. నాకు ఆ స్టూడియో చూడాలని ఉంది, నువ్వు గెంతుతుంటే చూడాలని ఉంది, ఆ ప్రేథర్ గారికి నా గొంతు వినిపించాలని ఉంది.

పుట్టడంలోనూ నేనే ముందు. బస్సెక్కడంలోనూ నేనే ముందు. శుక్రవారం వస్తున్నాను.

నీ అక్క
వెర్నా